లాకు కాపరి

డెల్ఫ్‌జైల్‌లో ఆ వీధికి సముద్రం కనిపించదు.
గట్టు కనిపిస్తుంది. గట్టు మీద గొర్రెలు.
పోటు వేళ గొర్రెల కాళ్లెత్తున
అవతల నీళ్లుంటాయని
ఎవరూ ఎవరికీ గుర్తుచేయరు.

నెట్ నత్తనడక నడుస్తోందంటే వెళ్లాను.
రైండర్, డెబ్బై ఎనిమిదేళ్లు,
ముప్పై ఒక్కేళ్లు కాలువ లాకులకు కాపలా.
కాఫీ పోసి, ఒక్క బిస్కెట్ ఇచ్చి
డబ్బా మూత పెట్టేశాడు.

రూటర్ మెట్ల కింద, గొడుగుల వెనక,
నాలుగు పచ్చ కళ్లతో మేలుకుని ఉంది.
"ఎప్పుడైనా ఆపుతారా?"
"సముద్రాన్ని ఆపుతామా?" అన్నాడు.

అట్టపెట్టెలోంచి తీసిననాటి పేరే దాని పేరు.
అడుగున అంటించిన చీటీలోదే తాళం.
అలాంటిది కొన్న ప్రతివాళ్లకూ ఆ తాళం తెలుసు,
కొనని వాళ్లకు ఇంకా బాగా తెలుసు.

చిట్టా తెరిచి చూపించాను.
రాత్రి రెండూ పద్నాలుగుకి ఒకరు తలుపు తోశారు.
రెండూ పద్నాలుగుకే ఇంకొకరు.
తెల్లారేలోగా నాలుగువేల పైచిలుకు.
పేర్లు లేవు. అంకెలు, చుక్కలు, మళ్లీ అంకెలు.

భయపడతాడనుకున్నాను.
కళ్లజోడు సవరించుకుని, వరస వెంట వేలు జారిస్తూ
పాత నీటిమట్టాల పుస్తకం చదివినట్టు చదివాడు.
"వీళ్లకి నా మీద పగేం లేదు.
నీరూ అంతే. నువ్వెవరో దానికి అక్కర్లేదు.
ప్రతి సందునీ తడిమి చూస్తుంది.
రేపూ తడుముతుంది.
సందు దొరికిన రోజు మాత్రం
నీ పేరు అడగదు."

అప్పుడు కనబడింది, జాబితా అడుగున,
ఇంకొకటి. కెమెరా.
"అది ఆల్ట్యె గదిలోది" అన్నాడు.
ఆమె మంచాన ఉన్న పది నెలలూ
వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తూ
ఆమెను కనిపెట్టుకుని ఉండడానికి పెట్టిందట.
మొన్న మార్చికి రెండేళ్లు.
తీయలేదు. "తీస్తే గోడకి చిల్లులు మిగులుతాయి."

ఆ కెమెరాకి తాళమే లేదు.
చెప్పకుండా ఉండాలనుకున్నాను.
చెప్పాను.

చాలాసేపు గోడగడియారం ఒక్కటే పనిచేసింది.
దొంగలు పడ్డ ఆర్నెల్లకు అంటారే,
అలాంటి మొరుగుడు నాది.
"అంటే ఎక్కడో ఎవరో
పరిచిన దుప్పటిని చూస్తూ ఉన్నారు. రెండేళ్లు."
కాసేపాగి,
"అంతకు ముందు కూడా."

తనే స్టూలెక్కాడు. నన్ను ఎక్కనివ్వలేదు.
మరలు విప్పి జేబులో వేసుకున్నాడు.
చిల్లులు అనుకున్నంత పెద్దవి కావు.

తర్వాత పని తొందరగానే అయింది.
పేరు మార్చాం. పాత సాఫ్ట్‌వేర్ తీసి కొత్తది ఎక్కించాం.
బయటినుంచి లోపలికొచ్చే దారులు ఒక్కొక్కటే మూస్తుంటే
ప్రతిదానికీ "దించు" అన్నాడు,
గాలిలో షట్టరు మీదినుంచి అరిచే గొంతుతో.
కొత్త తాళం కోసం నన్ను వంటింట్లోకి పొమ్మన్నాడు.
కీబోర్డు చప్పుడు ఎంతకీ ఆగలేదు.
ఎక్కడా రాసుకోనన్నాడు.
రాసుకోండి, కాగితం మీద, అన్నాను,
సొరుగులో కాగితాన్ని
సముద్రం అవతలినుంచి ఎవరూ తెరవలేరు.

బూట్లు వేసుకుంటూ అడిగాను:
అన్నీ దించేస్తే ఊపిరాడుతుందా మీకు?
నవ్వాడు.
ఏప్రిల్ రాత్రుల్లో షట్టరు కింద
బెత్తెడు సందు వాళ్లే వదిలేవారట,
గాజుపోగుల్లాంటి మలుగు పిల్లలు
ఉప్పునీళ్లలోంచి మంచినీళ్లలోకి ఎక్కడానికి.
"సందు ఉండడం తప్పు కాదు.
అదెక్కడుందో నీకు తెలియాలి.
ఆ రాత్రి దాని పక్కన
లాంతరు పట్టుకుని నువ్వు కూర్చోవాలి."

ఇంటికొచ్చాను. కోటు విప్పకుండానే
మోకాళ్ల మీద కూర్చుని
నా రూటర్ అడుగున ఉన్న చీటీ చూశాను.